రచయిత ప్రేమకథ చూసి వచ్చినవారి స్పందనను అర్థం చేసుకోవడం ఎలా?

రచయితను కథానాయకుడిగా పెట్టుకున్న ప్రేమకథా చిత్రానికి అందరి నుంచీ ఒకే రకమైన స్పందన రావడం అరుదు. హాలులో పక్కపక్క సీట్లలో కూర్చున్న ఇద్దరిలో ఒకరు కళ్ళు తుడుచుకుంటూ బయటికి వస్తే, రెండోవారు రెండు గంటలు వృథా అయ్యాయని విసుక్కుంటూ వస్తారు. ఇద్దరిలో ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. ఒకరు ప్రేమకథను చూశారు, మరొకరు రచయిత కథను చూశారు. చర్చ నిర్వహించే ఫిల్మ్ సొసైటీ సభ్యులైనా, సమీక్షకులైనా, విడుదలకు ముందు కొందరికి చిత్రాన్ని చూపించి అభిప్రాయం తెలుసుకోవాలనుకునే దర్శకులైనా ముందుగా పట్టుకోవలసింది ఈ తేడానే.

అందుకే "సినిమా బాగుందా?" అన్న ప్రశ్నతో మొదలుపెట్టకండి. దానికి వచ్చే జవాబు ఒక్క ముక్కలో ముగిసిపోతుంది, పైగా అడిగినవారి ముఖం చూసి జవాబును మెత్తబరిచేవారు చాలామంది ఉంటారు. దానికి బదులు, కథను ఒక్క వాక్యంలో చెప్పమని అడగండి. "ప్రేమించిన మనిషిని పోగొట్టుకున్నవాడి కథ" అని ఒకరు, "రాయలేకపోతున్నవాడు మళ్ళీ రాయగలిగిన కథ" అని మరొకరు చెబుతారు. ఆ వాక్యాన్ని వారి మాటల్లోనే రాసుకోండి. తర్వాత వారు చేసే మెచ్చుకోలు, ఫిర్యాదు రెండూ దాని వెలుగులోనే అర్థమవుతాయి.

ఇలాంటి చిత్రాలపై తరచుగా వినిపించే ఫిర్యాదు "సాగదీశారు" అన్నది. ఈ మాటను యథాతథంగా తీసుకుంటే ప్రయోజనం లేదు, ఏ సన్నివేశం దగ్గర అలా అనిపించిందో తప్పనిసరిగా అడగాలి. గాయకుడి కథలో పాట వినిపిస్తుంది, చిత్రకారుడి కథలో బొమ్మ కళ్ళముందే రూపు కడుతుంది, కానీ రాయడం మాత్రం బయటికి కనిపించే పని కాదు. బల్ల ముందు కూర్చున్న మనిషి, చింపి పారేసిన కాగితాలు, వెనుక నుంచి వినిపించే వాయిస్ ఓవర్ తప్ప దర్శకుడి చేతిలో పెద్దగా ఏమీ ఉండదు. విసుగు అక్కడ పుట్టిందంటే అది రాతను తెరకెక్కించడంలోని లోపం. అదే విసుగు ప్రేమికులిద్దరూ మౌనంగా కూర్చున్న చోట పుట్టిందంటే, వారిద్దరి మధ్య ఉన్న బంధాన్ని ప్రేక్షకుడు నమ్మలేదన్నమాట. రెండింటికీ వాడే మాట ఒకటే అయినా జబ్బులు వేరు.

"ఆమె అతన్ని ఎందుకు ప్రేమించిందో అర్థం కాలేదు" అనే అభిప్రాయాన్ని ఇంకా జాగ్రత్తగా పరిశీలించాలి. చాలామంది దీన్ని నటీనటుల ఖాతాలో వేస్తారు. నా దృష్టిలో తప్పు ఎక్కువసార్లు ఆ పాత్ర రాసినట్టు చూపించిన వాక్యాల్లోనే ఉంటుంది. అతను గొప్ప రచయిత అని మిగతా పాత్రలు చెబుతూ ఉంటే, తెరపై వినిపించే రాత పేలవంగా ఉంటే, దాన్ని చూసి కరిగిపోయిన ప్రేమ కూడా నకిలీగానే కనిపిస్తుంది. గురుదత్ 1957లో తీసిన "ప్యాసా"లో గులాబో అనే అమ్మాయి కథానాయకుడైన కవిని కలవకముందే అతని కవితలను ఇష్టపడుతుంది. ఆ ఇష్టాన్ని మనం నమ్మడానికి ప్రధాన కారణం అక్కడ వినిపించేది ప్రసిద్ధ ఉర్దూ కవి సాహిర్ లుధియాన్వీ కవిత్వం కావడమే. కాబట్టి ఆ చిత్రంలోని రచయిత రాసిన వాక్యం ఒక్కటైనా గుర్తుందా అని ప్రేక్షకులను అడిగి చూడండి. ఎవరికీ ఏదీ గుర్తు లేకపోతే ఫిర్యాదుకు మూలం దొరికినట్టే.

చర్చ వేడెక్కేది మాత్రం రచయిత తన ప్రేమను, ప్రేమించిన మనిషి తనతో ఏకాంతంలో పంచుకున్న మాటలను పుస్తకంలోకి ఎక్కించిన చోట. అది ద్రోహమని కొందరు, ఆ ప్రేమను బతికించే మార్గమని కొందరు గట్టిగా వాదిస్తారు. ఇక్కడ పాత్రపై కోపాన్ని చిత్రంపై తీర్పుగా నమోదు చేయకండి. "అతను స్వార్థపరుడు" అన్నవారిని "ఆ సంగతి చిత్రానికి తెలుసా?" అని అడగండి. తెలిసే చూపించిందని వారు అంటే ఆ కోపం దర్శకుడి విజయం. అతన్ని త్యాగమూర్తిగా నిలబెట్టిందని అంటే అది నిజమైన విమర్శ, దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు.

ముగింపుపై వచ్చే స్పందన చిత్రం గురించి ఎంత చెబుతుందో చూసినవారి గురించీ అంతే చెబుతుంది. రిచర్డ్ లింక్‌లేటర్ 2004లో తీసిన "బిఫోర్ సన్‌సెట్" ఈ విషయాన్ని కథలోనే చూపించింది. తన నవలలోని ప్రేమికులు మళ్ళీ కలిశారా అని విలేకరులు అడిగినప్పుడు, దానికి మీరు ఊహించుకునే జవాబు మీ స్వభావాన్నే బయటపెడుతుందన్న అర్థంలో అందులోని రచయిత బదులిస్తాడు. కాబట్టి ముగింపు నచ్చలేదన్నవారిని, తర్వాత ఏం జరిగి ఉంటుందనుకుంటున్నారో కూడా అడగండి.

అంకెల విషయంలో ఒక్క హెచ్చరిక చాలు. అమెరికాలో 1979 నుంచి పనిచేస్తున్న సినిమాస్కోర్ సంస్థ తొలిరోజు ప్రేక్షకులతో చిత్రాలకు గ్రేడ్లు వేయిస్తుంది. తొలిరోజే వచ్చేవారు ప్రచారం చూసి ఏదో ఆశించి వస్తారు కనుక, అలాంటి గ్రేడులో చిత్రం నాణ్యతతో పాటు ఆ ఆశ తీరిందా లేదా అన్నది కూడా కలిసిపోయి ఉంటుంది. మామూలు ప్రేమకథగా ప్రచారం చేసిన రచయిత కథకు ఈ కారణంగానే అన్యాయం జరగవచ్చు.

చివరగా, వీలైతే వారం రోజుల తర్వాత అదే మనుషులను మళ్ళీ పలకరించండి. ఈసారి అభిప్రాయం అడగవద్దు, ముగింపును చెప్పమని మాత్రమే అడగండి. తెరపై లేని కలయికను ఉన్నట్టుగా ఎవరైనా చెబితే సరిదిద్దకుండా, మొదటి రోజు వారు చెప్పిన వాక్యం పక్కనే దాన్ని కూడా రాసి ఉంచండి.