హ్యావ్, హాబెన్, హబేరె: క్రియాపదం వేరు తవ్వే పద్ధతి

ఇంగ్లీషులో హ్యావ్, జర్మన్‌లో హాబెన్, లాటిన్‌లో హబేరె. మూడింటికీ అర్థం ఒకటే, పలుకు కూడా ఇంచుమించు ఒకటే. చూడగానే ఒక తల్లి బిడ్డలనిపిస్తాయి. కానీ హ్యావ్, హాబెన్ తోబుట్టువులు, హబేరె పుట్టిన ధాతువు వేరు. హైదరాబాద్ తార్నాకలోని భాషల విశ్వవిద్యాలయం ఇఫ్లూలోనో, సాయంత్రం క్లాసుల్లోనో జర్మన్, ఫ్రెంచ్ కలిపి నేర్చుకునేవాళ్లు దీని దగ్గర పప్పులో కాలేయడం మామూలే. ఒక క్రియను పట్టుకుని దాని వేరు దాకా వెళ్లడం ఎలాగో ఈ ఒక్క పదంతో నేర్చుకోవచ్చు.

ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద దొరికే పాత డిక్షనరీలు అర్థాలు చూసుకోవడానికి సరిపోతాయి. మూలాలకు మాత్రం వ్యుత్పత్తి నిఘంటువు ఉండాలి. అందులో కొన్ని రూపాల ముందు నక్షత్రం గుర్తు కనిపిస్తుంది. ఆ రూపం ఏ రాతలోనూ దొరకలేదని, పండితులు పోల్చి కట్టుకున్నదని దానర్థం. నోట్సులోకి ఎక్కించేటప్పుడు ఆ నక్షత్రాన్ని వదిలేయకండి. వదిలేస్తే నెల తిరిగేసరికి ఏది దొరికిన రూపమో, ఏది ఊహించిన రూపమో మీకే తెలియదు.

ముందుగా ఒక్కో భాషకు మూడు రూపాలు రాసుకోండి: నిఘంటువులో ఉండే రూపం, ‘నేను’తో వాడే రూపం, దొరికినంతలో అతి పాత రూపం. ఇంగ్లీషుకు హ్యావ్ ఒక్కటే రాస్తే చాలదు, పాత ఇంగ్లీషు హబ్బన్, వాటి చుట్టమైన పాత భాష గోథిక్‌లోని హబన్ కూడా పక్కన ఉండాలి. స్పెల్లింగు దగ్గర జాగ్రత్త. స్పానిష్ అబేర్‌లో హెచ్ అక్షరం రాస్తారు, పలకరు. ఇటాలియన్‌లో అవేరె అన్నప్పుడు హెచ్ లేనే లేదు, ‘నాకుంది’ అనే ‘ఒ’ లాంటి కొన్ని రూపాల ముందు మాత్రం రాస్తారు. పలకడానికి కాదు, ‘లేదా’ అని అర్థమిచ్చే ఇంకో ‘ఒ’తో కలిసిపోకుండా గుర్తు కోసం. జర్మన్ హాబెన్‌లో హకారం మాత్రం నోటితో పలికేదే. పోల్చాల్సింది ధ్వనిని, అక్షరాన్ని కాదు.

తరవాతి పని ధ్వనుల లెక్క. ఓపిక కావాల్సింది ఇక్కడే. జర్మన్ పండితుడు యాకోబ్ గ్రిమ్ 1822లో తన జర్మన్ వ్యాకరణం రెండో కూర్పులో వివరించిన సూత్రం ప్రకారం, ఈ భాషలన్నిటికీ తల్లి అయిన మూలభాషలోని కకారం లాటిన్‌లో అలాగే ఉండిపోయి, ఇంగ్లీషు, జర్మన్ లాంటి జర్మానిక్ భాషల్లో హకారమైంది. నూరు అనే పదం చూడండి: లాటిన్‌లో కెంటుమ్, ఇంగ్లీషులో హండ్రెడ్. కుక్కకు కనిస్, హౌండ్. కొమ్ముకు కోర్ను, హార్న్. ఇదే చోట సంస్కృతంలో శకారం వస్తుంది: శతం, శ్వానం, శృంగం. మూడు జతలూ ఒకే దారిలో నడిచాయి. మూడు జతలైనా దొరక్కుండా సూత్రమని నమ్మకండి, ఒక్క జత కాకతాళీయం కావచ్చు.

ఈ లెక్కన హ్యావ్‌కు లాటిన్ చుట్టం దొరకాలంటే కకారంతో మొదలయ్యే మాట వెతకాలి. అదే కపెరె, అంటే పట్టుకోవడం. మరి హబేరె సంగతి? లాటిన్ హకారానికి జర్మానిక్‌లో గకారం వస్తుంది: హోస్టిస్‌కు గెస్ట్, హోర్టుస్‌కు జర్మన్ గార్టెన్. కాబట్టి హబేరెకు వరసయ్యేది గివ్, జర్మన్ గేబెన్. ఉండడం, ఇవ్వడం ఒక ఇంటివా అని ఆశ్చర్యపోనక్కర్లేదు. అదే ధాతువు నుంచి వచ్చిందనే పాత ఐరిష్ గైబిద్‌కు అర్థం ‘తీసుకుంటాడు’. వస్తువు చేతులు మారుతోంది, ఏ చేతి వైపు నుంచి చూస్తున్నామన్నదే తేడా.

శ్రద్ధగా లెక్క చూసేవాళ్లకు ఇక్కడొక చిక్కు తగులుతుంది. గ్రిమ్ సూత్రం ప్రకారం కపెరెలోని పకారం ఫకారం కావాలి, హ్యావ్‌లో వకారం ఎందుకొచ్చింది? లెక్క తప్పిందని కాగితం చింపేయకండి. మూలభాషలో ఊత, అంటే పలుకులో పడే ఒత్తిడి, సరిగ్గా ముందున్న అచ్చు మీద లేకపోతే ఆ హల్లు నాదంగా, అంటే గొంతు కంపనతో పలికే ధ్వనిగా మారుతుందని డెన్మార్క్ పండితుడు కార్ల్ వెర్నర్ 1877లో వివరించాడు. సంస్కృతం సప్త, లాటిన్ సెప్టెమ్, ఇంగ్లీషు సెవెన్ చూస్తే అదే మార్పు కనిపిస్తుంది.

ధ్వని కుదిరాక అర్థం. పట్టుకున్నది చేతిలో ఉంటుంది కనుక ‘పట్టు’ మెల్లగా ‘ఉండు’గా మారుతుంది. యూరప్‌లో ఇది పదేపదే జరిగింది. స్పానిష్‌లో సొంతం అనే అర్థానికి అబేర్‌ను పక్కకు నెట్టి తెనేర్ కూర్చుంది. దాని లాటిన్ రూపం తెనేరె, అంటే పట్టి ఉంచడం. దాని వెనకున్న ధాతువుకు సాగదీయడమని అర్థం, మన వీణ తంతి కూడా ఆ ధాతువు సంతానమే. ‘నాకుంది’ అనే గ్రీకు ఎఖో ఇంకో ధాతువుది, దాని సంస్కృత చుట్టం ‘సహ్’. మనం రోజూ వాడే ‘సహించు’ అక్కడిదే. హ్యావ్ అర్థమే ఉన్న పోలిష్ మ్యెచ్, చెక్ మీత్ ‘తీసుకోవడం’ నుంచి వచ్చాయి, కొనడమనే లాటిన్ ఎమెరె వాటి బంధువు.

అరువు మాటల్ని వేరే పేజీలో రాయండి. ఇంగ్లీషులో క్యాచ్, ఛేజ్ రెండూ కపెరె నుంచి పాత ఫ్రెంచ్ మీదుగా వచ్చిన మాటలు. అంటే ఉప్పల్ స్టేడియంలో కామెంటేటర్ నోట వచ్చే ఛేజ్, క్యాచ్ రెండూ హ్యావ్‌కు దూరపు చుట్టాలే. కానీ అవి దొడ్డిదారిన వచ్చినవి, ధ్వని పట్టికలో కలిపితే కకారం హకారం కావడమనే సూత్రమే తప్పన్నట్టు కనిపిస్తుంది. బ్యాంకు మెసేజ్‌లో వచ్చే డెబిట్ మాత్రం హబేరె వైపుది. ‘దే’ అనే ఉపసర్గ చేరి దేబేరె అయింది, అంటే బాకీ ఉండడం.

ఇక వాక్యంలో ఈ క్రియ వాడుక. హ్యావ్ అన్ని భాషల్లోనూ ఉండి తీరాలని లేదు. మనకే లేదు కదా! నాకు ఇద్దరు తమ్ముళ్లున్నారు, నా దగ్గర డబ్బులున్నాయి, తెలంగాణలో అయితే నా తాన పైసలున్నయి. లాట్వియన్ ‘మన్ ఇర్’ అచ్చంగా మన ‘నాకు ఉంది’. రష్యన్ ‘ఉ మెన్యా’ మన ‘నా దగ్గర’. లాటిన్‌లో కూడా హబేరెతో పాటు ‘మిహి ఎస్ట్’ అనే పద్ధతి ఉంది, అదీ ‘నాకు ఉంది’యే. అందుకే తెలుగువాళ్లకు జర్మన్‌లో ‘మియర్ ఇస్ట్ కాల్ట్’ సులువు కావాలి: నాకు, ఉంది, చలి. ఇంగ్లీషు మీదుగా ఆలోచించి ‘ఇష్ బిన్ కాల్ట్’ అంటే నేను కఠిన హృదయుణ్ణని అర్థం వచ్చే ప్రమాదం ఉంది. ఫ్రెంచ్‌లో చలికీ, ఆకలికీ, వయసుకూ హ్యావ్ అర్థమున్న అవ్వార్ వాడాలి. జర్మన్‌లో ఆకలికి హాబెన్, వయసుకు మాత్రం ‘ఉండడం’ అనే జైన్. ఈ తేడాలకు సూత్రం వెతుక్కుంటూ కూర్చోకుండా భాషకొక వరస గీసి బట్టీ పట్టడమే నయం.

ఈ పట్టిక పూర్తయ్యాక డూ తీసుకోండి. జర్మన్ టూన్, లాటిన్ ఫకెరె, సంస్కృతం ధా. హ్యావ్‌కు పూర్తిగా తలకిందులు, పైకి ఒక్క పోలికా లేదు గానీ అన్నీ ఒకే ధాతువువి. మూలభాషలోని ధకారం నుంచి వచ్చిన లాటిన్ ఫకారానికి ఇంగ్లీషులో డకారం రావాలి. ఫోరెస్‌కు డోర్ ఒక జత, ఫకెరెకు డూ రెండోది. మూడోది మీరు వెతికి రాసుకోండి.