ఎంసెట్ మార్కులు ఎక్కడ కారిపోతున్నాయి? సమస్య - పరిష్కారం

కాలవ చివరి చేనుకి నీరందకపోతే మా కోనసీమ రైతు ముందు గట్టు వెంట నడుస్తాడు. ఎక్కడో గుర్రపుడెక్క అడ్డం పడి ఉంటుంది, లేదా గట్టుకి బొరియ పడి ఉంటుంది. అది చూడకుండా పైనుంచి ఇంకో రెండు రోజులు నీళ్ళు వదిలినా శివారుకి చేరవు. ఎంట్రన్స్ మార్కులు రాని పిల్లలకి మనం చేసేది మాత్రం సరిగ్గా ఆ పనే. ‘ఇంకో రెండు గంటలు ఎక్కువ చదువు’ అంటాం. అమలాపురం దగ్గర చాలా ఏళ్ళుగా ఇంటర్ పిల్లలకి లెక్కలు చెబుతున్నాను. నా దగ్గరికొచ్చే పిల్లల్లో ఎక్కువమందికి తక్కువైంది చదువు కాదు. మార్కు ఎక్కడ పోతోందో వాళ్ళకి ఎవరూ చూపించలేదు. ఆ చోటు ఎలా పట్టుకోవాలో ఇక్కడ రాస్తున్నాను. ఇంజనీరింగ్ లాంటి కోర్సులకి మన రాష్ట్రం పెట్టే ప్రవేశపరీక్ష ఎంసెట్ పేరు 2021 నుంచి ఈఏపీసెట్ అయినా, ఇళ్ళలో ఇప్పటికీ ఎంసెట్ అనే అంటున్నాం కాబట్టి నేనూ అలాగే అంటాను.

“మాస్టారూ, టైం చాల్లేదండి”

అందరూ చెప్పే మాట ఇదే. ఇంజనీరింగ్ పేపర్లో 160 ప్రశ్నలుంటాయి: లెక్కలు 80, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 40. మూడు గంటల్లో చెయ్యాలి, అంటే ప్రశ్నకి 67 సెకన్లు. చేతివేగం తక్కువని అందరూ అనుకుంటారు. నేను చూసినంతలో అసలు కారణాలు రెండు.

మొదటిది వరస. కిందటేడు ఒక అమ్మాయి మోడల్ పరీక్షలో 71 తెచ్చుకుని ఏడుస్తూ వచ్చింది. పేపరు పక్కన పెట్టుకుని ఇద్దరం కూర్చున్నాం. లెక్కలతో మొదలుపెట్టింది, వాటికే రెండు గంటల పది నిమిషాలు పట్టింది. మిగిలిన 50 నిమిషాల్లో 80 ప్రశ్నలు. కెమిస్ట్రీలో చివరి 24 చదవనేలేదు. వాటిలో తొమ్మిది నా ముందే, పుస్తకం తెరవకుండా, గబగబా చెప్పేసింది. తొమ్మిది మార్కులు చేతిలో ఉండి కూడా పోయాయి.

పరిష్కారం: కెమిస్ట్రీతో మొదలుపెట్టండి. అక్కడ చాలా ప్రశ్నలు తెలిస్తే పది సెకన్లు, తెలియకపోతే ఎంతసేపు చూసినా రావు. కెమిస్ట్రీకి 35 నిమిషాలు, ఫిజిక్స్‌కి 50, లెక్కలకి 85. చివరి పది నిమిషాలు వదిలేసిన వాటికి. ఎంసెట్లో తప్పు జవాబుకి మార్కు కొయ్యరు కాబట్టి ఆ పది నిమిషాల్లో ఒక్క ప్రశ్న కూడా ఖాళీగా ఉండకూడదు.

రెండో కారణం ఇంటర్ అలవాటు. బోర్డు పరీక్షలో స్టెప్పులకి మార్కులు, ఇక్కడ జవాబుకే మార్కు. సైన్ 20°, సైన్ 40°, సైన్ 80° మూడూ గుణిస్తే ఎంత? బోర్డు పద్ధతిలో రెండు సైన్‌ల లబ్ధాన్ని కొసైన్‌ల తేడాగా మార్చి, మళ్ళీ విడదీసి, పేజీ నిండా రాసుకుంటూ వెళ్తాం. అయిదు నిమిషాలు. కానీ 40 అంటే 60 లోంచి 20 తీసేసింది, 80 అంటే 60 కి 20 కలిపింది. ఒక కోణం, దాన్ని 60 లోంచి తీసేసింది, 60 కి కలిపింది, ఈ మూడింటి సైన్‌ల లబ్ధం ఆ కోణానికి మూడింతల కోణపు సైన్‌లో పావు వంతు. సైన్ 60° లో పావు వంతు, అంటే రూట్ 3 బై 8. పదిహేను సెకన్లు. ఇది చిట్కా కాదు, త్రికోణమితిలో ఉన్న సూత్రమే. దాన్ని గుర్తుపట్టే కన్ను మాత్రం వేరేగా అలవాటు చేసుకోవాలి. అందుకే ప్రతి చాప్టర్ అయిపోగానే ఇరవై బిట్లు తీసుకుని, చెయ్యకుండా, ‘దీనికి ఏ సూత్రం’ అని మాత్రమే పక్కన రాయమంటాను. వారం రోజుల్లో తేడా కనిపిస్తుంది.

“ఎన్ని మోడల్ పరీక్షలు రాసినా మార్కులు అక్కడే ఉన్నాయి”

పరీక్ష రాయడం, మార్కులు చూడడం, బాధపడడం, మర్నాడు ఇంకోటి రాయడం. మధ్యలో జరగాల్సిన పని జరగట్లేదు. పైన చెప్పిన అమ్మాయి 65 తప్పుల్ని ఒక్కొక్కటే మూడు రకాలుగా విడదీశాం. అసలు తెలియనివి 31. తెలిసి, రెండిట్లో ఏదో తేలక తప్పు పెట్టినవి 12. పూర్తిగా వచ్చుండి తొందరలో పోగొట్టుకున్నవి 22. ఆ 22 లో అయిదు ‘సరికానిది ఏది’ అని అడిగితే సరైనది పెట్టినవి. నాలుగింట్లో వ్యాసం ఇస్తే వ్యాసార్ధం అనుకుంది.

ఈ మూడు రకాలకీ మందు ఒకటి కాదు. తెలియనిది చదువుకోవాలి, అది సరే. తేలనిదానికి ఆ రెండు విషయాలూ పక్కపక్కన ఒకే కాయితం మీద రాసుకోవాలి. తొందరకి చదువు పనికిరాదు. ప్రశ్నలోని ఆఖరి వాక్యం రెండుసార్లు చదవడం, యూనిట్లు రఫ్ కాయితం మీద ముందే రాసుకోవడం, ఇవి అలవాటుగా పడాలి. ఒక్కో పరీక్ష తర్వాత ఈ పనికి పరీక్షకి పట్టినంత సమయం పడుతుంది. అయినా వారానికి నాలుగు పరీక్షలు రాయడం కంటే రెండు రాసి రెండూ విప్పి చూడడం మేలని నా గట్టి నమ్మకం.

“జేఈఈలో అన్నీ పెట్టాను, మార్కులు తగ్గిపోయాయి”

అది వేరే పరీక్ష, వేరే లెక్క. జేఈఈ మెయిన్‌లో 75 ప్రశ్నలు, 300 మార్కులు. సరైనదానికి 4, తప్పుకి ఒకటి కోత. 2025 నుంచి ఒక్కో సబ్జెక్టులో ఉన్న అయిదు న్యూమరికల్ ప్రశ్నలూ (ఆప్షన్లుండవు, జవాబు అంకె మనమే వెయ్యాలి) తప్పనిసరి, వాటికీ కోత ఉంది. మెడికల్ సీట్ల కోసం రాసే నీట్‌లో 180 ప్రశ్నలు, 720 మార్కులు, అక్కడా తప్పుకి ఒకటి పోతుంది.

నాలుగు ఆప్షన్లలో కళ్ళు మూసుకుని ఒకటి పెడితే సగటున పావు మార్కు లాభమే వస్తుంది. మరి నష్టం ఎక్కడిది? పిల్లలు కళ్ళు మూసుకుని పెట్టరు. సగం గుర్తున్న సూత్రంతో చేసి, సరిగ్గా ఆ తప్పు చేసేవాళ్ళ కోసమే ఉంచిన ఆప్షన్ పెడతారు. అందుకని, రెండు ఆప్షన్లు కచ్చితంగా కావని తీసెయ్యగలిగితే మిగిలిన వాటిలో ఒకటి పెట్టండి, సగటున ఒకటిన్నర మార్కు వస్తుంది. న్యూమరికల్‌లో చెయ్యకుండా అంకె వెయ్యొద్దు.

“నాకు ఎక్కువొచ్చాయి, ర్యాంకు మాత్రం వాడికి ముందొచ్చింది”

ఇంట్లో గొడవలు ఇక్కడే మొదలవుతాయి, కాబట్టి తల్లిదండ్రులు కూడా ఈ ముక్క చదవాలి. ఎంసెట్ ర్యాంకులో పరీక్షకి 75 శాతం, ఇంటర్ గ్రూపు సబ్జెక్టుల మార్కులకి 25 శాతం వెయిటేజీ. కోవిడ్ సమయంలో ఇంటర్ వెయిటేజీ తీసేసి, 2023 నుంచి మళ్ళీ పెట్టారు. ఒకబ్బాయికి 160 కి 80, గ్రూపులో 95 శాతం అనుకోండి. 37.5 కి 23.75 కలిపితే 61.25. ఇంకో అబ్బాయికి 88, గ్రూపులో 75 శాతం. 41.25 కి 18.75 కలిపితే 60. ఎనిమిది మార్కులు వెనకున్నవాడు ముందుకొచ్చాడు. ‘ఇంటర్ ఎలాగోలా గట్టెక్కుతుంది’ అని మార్చిలో వదిలేసేవాళ్ళు ఈ లెక్క ఒకసారి కాయితం మీద వేసి చూసుకోవాలి.

ఇంకో సంగతి, పరీక్ష రోజుకి రెండు పూటలు జరుగుతుంది, పూటకో పేపరు. కష్టమైన పేపరు పడినవాళ్ళు నష్టపోకుండా నార్మలైజేషన్ చేస్తారు, అంటే అన్ని పూటల మార్కుల్నీ ఒకే కొలతకి తెస్తారు. కీ చూసి వేసుకున్న మార్కు, ఫలితంలో వచ్చే మార్కు ఒకటి కాకపోవడం అందుకే. జేఈఈలో 95 పర్సంటైల్ అన్నా 95 శాతం మార్కులని కాదు. నూటికి 95 మంది ఆ అబ్బాయితో సమానంగానో, తక్కువగానో ఉన్నారని.

“ఫస్టియర్ అంతా మర్చిపోయాను”

చదివినదే మళ్ళీ మళ్ళీ చదివితే చూడగానే తెలిసినట్టుంటుంది, అడిగితే రాదు. పుస్తకం మూసి ఖాళీ కాయితం మీద ఆ చాప్టర్ సూత్రాలు రాయండి. రానివి ఎర్ర పెన్నుతో నింపండి. మూడు రోజులకి ఒకసారి, పది రోజులకి మరోసారి, నెలకి ఇంకోసారి. సెకండియర్ నడుస్తుండగానే వారంలో రెండు పూటలు దీనికి పెట్టాలి.

“ప్రశ్నే అర్థం కాలేదు”

తెలుగు మీడియం పిల్లల మాట ఇది. సబ్జెక్టు వాళ్ళకి వచ్చు. ఎంసెట్లో ప్రశ్న తెలుగులోనూ కనిపిస్తుంది, జేఈఈ మెయిన్, నీట్ కూడా తెలుగులో రాయొచ్చు. అయినా కోచింగ్‌లో ‘డిఫ్రాక్షన్’ అని విని, స్క్రీన్ మీద ‘వివర్తనం’ చూసేసరికి కంగారు పడతారు. ఇంటర్‌ఫిరెన్స్ వ్యతికరణం, రిఫ్రాక్షన్ వక్రీభవనం, ఇలా చాప్టర్‌కి పదిహేను జంటలు ఒక చిన్న నోట్‌బుక్‌లో రాసుకుంటే చాలు.

“ఇంట్లో బాగానే చేశాను, అక్కడ చేతులాడలేదు”

ఎప్పుడూ కాయితం మీద రాసిన పిల్లలు ఒక్కసారిగా కంప్యూటర్ ముందు కూర్చుని మౌస్ పట్టుకుంటారు. తల పైకెత్తి ప్రశ్న చూడాలి, కిందికి వంచి రఫ్ చెయ్యాలి, అంకెలు దించుకోవడంలో తప్పు పడుతుంది. పరీక్షల వెబ్‌సైట్లలో మాక్ టెస్టులు ఉచితంగా ఉంటాయి. ఇంట్లో కంప్యూటర్ లేకపోతే నెట్ సెంటర్‌కి వెళ్ళి కనీసం నాలుగు రాయాలి, ఫోన్లో రాస్తే ఈ అలవాటు రాదు. జవాబు పెట్టాక సేవ్ నొక్కడం కూడా ఆ నాలుగింట్లోనే చేతికి అలవాటవ్వాలి.

ప్రయాణం గురించి కూడా. నిమిషం ఆలస్యమైనా లోపలికి రానివ్వరు. కాకినాడ సెంటర్ పడితే మా వైపు పిల్లలు ఎదుర్లంక వంతెన మీదుగా యానాం దాటి వెళ్ళాలి. పొద్దుటి పూట పరీక్షయితే మొదటి బస్సుని నమ్ముకోవద్దు, ముందురోజు వెళ్ళి చుట్టాలింట్లో పడుకోండి. సఖినేటిపల్లి వైపు వాళ్ళకి గోదావరి రేవు దాటితే భీమవరం దగ్గరే, కానీ తెల్లవారుజామున పంటు (రేవు దాటించే పడవ) కోసం గట్టు మీద నిలబడే పరిస్థితి తెచ్చుకోవద్దు. దరఖాస్తులో సెంటర్ ఎంచుకునేటప్పుడే నాన్నగారితో కూర్చుని ఈ దారి మాట్లాడుకోవాలి.

ఆడపిల్లలకి ఒక మాట. మేలో పెళ్ళిళ్ళు ఉంటాయి, గోరింటాకు పెట్టమంటారు. సెంటర్లో వేలిముద్ర తీసుకుంటారు, అరచేతులకి మెహిందీ, సిరా ఉండకూడదని సూచనల్లోనే ఉంటుంది. పిన్ని ఎంత బతిమాలినా పరీక్షయ్యాకే పెట్టించుకో తల్లీ.