పెద్ద సంఖ్య కారణాంకాలు తప్పుతున్నాయా? ముందు చివరి అంకెలు చూడండి

సమస్య: కాగితం మీద అది బేసి సంఖ్య, కంప్యూటర్‌లో మాత్రం 2తో శేషం లేకుండా పోతోంది. లేదా అంకెల మొత్తం ప్రకారం 3తో పోవాలి, ప్రోగ్రాం పోదంటోంది.

చాలామంది ఇక్కడ ప్రోగ్రాం తిరగరాయడం మొదలుపెడతారు. దయచేసి ముందు ఆ పని వద్దు. మీరిచ్చిన సంఖ్యనీ, యంత్రం దగ్గరున్న సంఖ్యనీ పక్కపక్కన పెట్టి చివరి మూడు అంకెలు సరిచూడండి. తేడా ఎక్కువగా అక్కడే దొరుకుతుంది.

కారణం: 9007199254740993 తీసుకుందాం. ఇది 2⁵³ + 1. అంకెల మొత్తం 78, కాబట్టి 3తో పోతుంది, 9తో పోదు. అసలు కారణాంకాలు 3 × 107 × 28059810762433. దీన్ని ఎక్సెల్ గడిలో కొట్టి ఎంటర్ నొక్కితే 9007199254740990 అయిపోతుంది. ఎక్సెల్ 15 అంకెలే ఉంచుకుని పదహారోదాన్ని సున్నా చేస్తుంది. దాంతో లేని 2, 5 వచ్చి చేరాయి, 107 పోయింది. 3తో మాత్రం ఇంకా పోతుంది, అందుకే అనుమానం రాదు.

అదే సంఖ్య ఫ్లోట్‌గా (కంప్యూటర్ దశాంశ సంఖ్యలను దాచుకునే రూపం) మారితే 9007199254740992, అంటే అచ్చంగా 2⁵³. ఇక 3 లేదు, 107 లేదు, అన్నీ 2లే. 64 బిట్ల ఫ్లోట్‌లో అంకెలకు దక్కేది 53 బిట్లే కాబట్టి 2⁵³ దాటాక బేసి సంఖ్యలకు చోటుండదు.

పైథాన్‌లో పూర్ణాంకం ఎంత పెద్దదైనా చెక్కుచెదరదు, కానీ ఒక్క / గుర్తు చాలు పాడవడానికి. 9007199254740993 / 2 అని అడిగితే 4503599627370496.0 వస్తుంది. రావాల్సిన .5 కనిపించదు. శేషం కోసం % 2 అడిగితే సరిగ్గా 1 అంటుంది. పాండాస్‌తో (పైథాన్‌లో పట్టికల పనికి వాడే లైబ్రరీ) ఫైలు చదివేటప్పుడు ఆ కాలమ్‌లో ఒక్క గడి ఖాళీగా ఉన్నా, కాలమ్ మొత్తం ఫ్లోట్ అయిపోతుంది. నిన్న సరిగ్గా నడిచిన ప్రోగ్రామే ఇవాళ తప్పడానికి ఇదే మూలం.

పరిష్కారం: ఎక్సెల్‌లో సంఖ్య కొట్టకముందే గడిని టెక్స్ట్‌గా మార్చండి, లేదా ముందు ' పెట్టండి. కొట్టాక మారిస్తే పోయిన అంకె తిరిగి రాదు, మూలం నుంచి మళ్లీ తెచ్చుకోవాలి. టెక్స్ట్ గడి దాచుకోవడానికే. దానితో ఎక్సెల్‌లో లెక్క చేస్తే మళ్లీ 15 అంకెలే. పాండాస్‌లో ఆ కాలమ్‌ను టెక్స్ట్‌గా చదివించి, తర్వాత పూర్ణాంకాలు చేసుకోండి. భాగహారానికి //, శేషానికి %.

చేత్తో 7, 11, 13 చూసేటప్పుడు మన లక్ష, కోటి కామాల దగ్గర విడగొట్టకండి. 1001 = 7 × 11 × 13 కాబట్టి కుడి నుంచి మూడేసి అంకెలే తీసుకోవాలి: 993 − 740 + 254 − 199 + 7 − 9 = 306. 306 ఆ మూడింటిలో దేనితోనూ పోదు, కాబట్టి మన సంఖ్య కూడా పోదు.

పక్కపక్క అంకెలు తారుమారైతే 9 పరీక్ష (అంకెల మొత్తం చూసేది) పట్టుకోలేదు, 11 పరీక్ష పట్టుకుంటుంది. ఇక 561 (3 × 11 × 17) లాంటి కార్మైకేల్ సంఖ్యలు ప్రధాన సంఖ్యలు కాకపోయినా, ప్రధాన సంఖ్య అవునో కాదో చూసే ఫెర్మా పరీక్షను, తమతో ఉమ్మడి కారణాంకం లేని ఏ ఆధారంతో చేసినా, దాటిపోతాయి. అదే పనికి ఇంకా గట్టి పరీక్ష అయిన మిల్లర్-రాబిన్ వాడితే ఆ బెడద ఉండదు.