బస్సు టైమ్ టేబుల్‌తో ఇంగ్లిష్ పాఠం

మా ఎనిమిదో తరగతి పిల్లలకు ఇంగ్లిష్ ప్రశ్నలో ‘డజ్’ (does) ఎక్కడ పెట్టాలో బోర్డు మీద ఎన్నిసార్లు రాసినా తలకెక్కలేదు. తెలుగులో ‘బస్సు ఎప్పుడు వెళ్తుంది?’ అంటే సరిపోతుంది, మధ్యలో ఇంకో క్రియ అక్కర్లేదు మరి. చివరికి మా ఊరి బస్టాండే దిక్కయింది.

గోడ మీది టైమ్ టేబుల్ నుంచి ఎనిమిది బస్సులు ఎంచుకోండి. ఊరి పేరు, బయల్దేరే సమయం రాసి రెండు కాగితాలు చేయండి. మొదటి దాంట్లో నాలుగు సమయాలు చెరిపేయండి, రెండో దాంట్లో మిగతా నాలుగు. జంటలో చెరొకరికి ఒకటి ఇచ్చి, ‘వాట్ టైమ్ డజ్ ది బస్ లీవ్?’ అని అడిగి ఖాళీలు నింపుకోమనండి. అవతలివాళ్ల దగ్గర జవాబు నిజంగా ఉంది కాబట్టి అడగక తప్పదు. అసలు కిటుకు అదే.

మొదటిసారి నేను ఎదురెదురుగా కూర్చోబెట్టాను. ఐదు నిమిషాల్లో అందరూ తొంగి చూసి రాసేశారు, ఒక్కరూ నోరు విప్పలేదు! ఇప్పుడు వీపుకు వీపు ఆనించి కూర్చోబెడతాను. గోల మాత్రం ఖాయం, పక్క క్లాసు సార్‌కి ముందే చెప్పుకోండి.

కాగితాలను పారదర్శక ప్లాస్టిక్ కవర్లో పెడితే, పైన మార్కర్‌తో రాసి తుడిచేయొచ్చు. ఒక్క జిరాక్స్ ఖర్చుతో ఏడాదంతా వస్తుంది.

‘ఇలా చేయండి’ అని చెప్పే ఆజ్ఞార్థక వాక్యాలకైతే బిస్కెట్ ప్యాకెట్లు, మందుల అట్టలు చాలు. ‘స్టోర్ ఇన్ ఎ కూల్, డ్రై ప్లేస్’ లాంటివి వాటి మీదే ఉంటాయి. మందుల అట్టలు ఖాళీవేనా అని చూసి మరీ తెండి. తర్వాత అదే పద్ధతిలో మామిడికాయ పచ్చడి సీసాకు లేబుల్ రాయమనండి.