బోరు నీటిలో ఫ్లోరైడ్‌ను స్పెక్ట్రోఫోటోమీటర్‌తో కొలిచే విధానం

మన దేశంలో ఫ్లోరోసిస్‌ను (నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లు, ఎముకలు దెబ్బతినే వ్యాధిని) తొలిసారి నమోదు చేసింది 1937లో, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీకి చెందిన నెల్లూరు జిల్లాలో. ఆ తరువాత నల్లగొండ జిల్లా పేరు ఈ వ్యాధితో విడదీయరానంతగా ముడిపడిపోయింది. భారతీయ ప్రమాణాల ప్రకారం తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము మించకూడదు. వేరే నీటి వసతి లేని చోట 1.5 వరకు అనుమతిస్తారు. రంగు, రుచి, వాసన చూసి తేల్చగల తేడా కాదు కనుక పరీక్ష తప్పనిసరి. రంగు ద్రావణం ఎంత కాంతిని పీల్చుకుంటుందో కొలిచే మామూలు విజిబుల్ స్పెక్ట్రోఫోటోమీటర్ ఉన్న ఏ కళాశాల ప్రయోగశాలలోనైనా స్పాడ్న్స్ పద్ధతిలో ఈ పరీక్ష చేయవచ్చు.

స్పాడ్న్స్ అనే ఎర్రని రంజకం ఆమ్ల ద్రావణంలో జిర్కోనియం అనే లోహంతో కలిసి ముదురు రంగు సంక్లిష్టంగా (కాంప్లెక్స్‌గా) ఏర్పడుతుంది. ఫ్లోరైడ్ చేరగానే జిర్కోనియాన్ని తనవైపు లాక్కుంటుంది. సంక్లిష్టం విడిపోయి రంగు తగ్గుతుంది. అంటే సాధారణ వర్ణమాపన పరీక్షల్లో పదార్థం పెరిగే కొద్దీ శోషణ (ద్రావణం కాంతిని పీల్చుకునే మేర) పెరిగితే, ఇక్కడ ఫ్లోరైడ్ పెరిగే కొద్దీ శోషణ తగ్గుతుంది. ఈ ఒక్క విషయం మనసులో ఉంచుకుంటే కింది జాగ్రత్తలన్నిటికీ కారణం తెలుస్తుంది: ఏ కారణంగా రంగు తగ్గినా పరికరం దానిని ఫ్లోరైడ్‌గానే చూపుతుంది.

ముందుగా ద్రావణాలు సిద్ధం చేసుకోవాలి. 221.0 మిల్లీగ్రాముల నిర్జల సోడియం ఫ్లోరైడ్‌ను స్వేదన జలంలో కరిగించి లీటరు చేస్తే మిల్లీలీటరుకు 100 మైక్రోగ్రాముల ఫ్లోరైడ్ ఉన్న ద్రావణం వస్తుంది. దానిని పదింతలు పలచన చేసి వాడాలి. 958 మిల్లీగ్రాముల స్పాడ్న్స్‌ను 500 మి.లీ. నీటిలో కరిగించి ఎండ తగలకుండా ఉంచాలి. 133 మిల్లీగ్రాముల జిర్కోనిల్ క్లోరైడ్ ఆక్టాహైడ్రేట్‌ను సుమారు 25 మి.లీ. నీటిలో కరిగించి, ఫ్యూమ్ హుడ్‌లో 350 మి.లీ. గాఢ హైడ్రోక్లోరికామ్లం కలిపి 500 మి.లీ. వరకు నీరు చేర్చాలి. ఈ రెండు ద్రావణాలనూ సమపాళ్లలో కలిపితే రియేజెంట్ సిద్ధమవుతుంది. పరికరాన్ని సున్నా చేసేందుకు 10 మి.లీ. స్పాడ్న్స్ ద్రావణాన్ని 100 మి.లీ. నీటిలో కలిపి, 7 మి.లీ. గాఢ హైడ్రోక్లోరికామ్లాన్ని 10 మి.లీ.కు పలచన చేసి అందులో చేర్చాలి. ఈ రిఫరెన్స్‌లో జిర్కోనియం ఉండదు. సంక్లిష్టం మొత్తం విడిపోయిన స్థితికి ఇది సమానం.

లీటరుకు 0 నుంచి 1.4 మిల్లీగ్రాముల వరకు తెలిసిన మోతాదులో ఫ్లోరైడ్ ఉన్న ఆరేడు ప్రామాణిక ద్రావణాలను 50 మి.లీ. చొప్పున తయారు చేసి, ఒక్కోదానికి 10.00 మి.లీ. రియేజెంట్ కలపాలి. ఇక్కడ కొలజాడీ పనికిరాదు, పిపెట్టే వాడాలి. రియేజెంట్ కొద్దిగా తగ్గినా రంగు తగ్గుతుంది, ఆ లోటు ఫలితంలో ఫ్లోరైడ్‌గా కనిపిస్తుంది. నోటితో పీల్చకుండా రబ్బరు బల్బు వాడాలి. 570 నానోమీటర్ల వద్ద శోషణలు చదివి గ్రాఫు గీస్తే రేఖ కిందికి వాలుతుంది. 50 మి.లీ. నీటి నమూనాకూ ఇలాగే రియేజెంట్ కలిపి చదివి, దాని ఫ్లోరైడ్ విలువను ఈ గ్రాఫులో చూడాలి. నమూనాలు, ప్రామాణికాలు ఒకే ఉష్ణోగ్రతలో, 2 డిగ్రీల తేడాకు మించకుండా ఉండాలి. ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాను వెంటనే పరీక్షించకూడదు. నమూనాలను పాలిథీన్ సీసాల్లోనే సేకరించడం మేలు.

క్లోరిన్ కలిపిన కుళాయి నీటిలో మిగిలిన క్లోరిన్ రంజకాన్ని వెలిసిపోయేలా చేస్తుంది. లీటరుకు 5 గ్రాముల సోడియం ఆర్సెనైట్ ఉన్న ద్రావణాన్ని 0.1 మిల్లీగ్రాము క్లోరిన్‌కు ఒక చుక్క చొప్పున ముందుగానే కలిపితే ఈ ఇబ్బంది తొలగుతుంది. అది విషం కనుక దాని వ్యర్థాన్ని సింకులో పోయకుండా వేరే సీసాలో భద్రపరచాలి. సల్ఫేట్ లీటరుకు 200 మిల్లీగ్రాముల దగ్గర ఉంటే ఫలితం సుమారు 0.1 ఎక్కువగా వస్తుంది.

అన్నిటికన్నా శ్రద్ధ పెట్టవలసింది అల్యూమినియం మీద. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్‌లతో ఫ్లోరైడ్‌ను తొలగించే నల్లగొండ విధానంలో శుద్ధి చేసిన నీటిలో కాస్త అల్యూమినియం మిగిలిపోవచ్చు. అది ఫ్లోరైడ్‌ను పట్టి ఉంచుతుంది కనుక, లీటరుకు 0.1 మిల్లీగ్రాము ఉన్నా, వెంటనే చదివితే ఫలితం 0.1 మేర తక్కువగా వస్తుంది. శుద్ధి నిజంగా జరిగినదానికంటే బాగా జరిగినట్టు కనిపిస్తుంది. రియేజెంట్ కలిపాక రెండు గంటలు ఆగి చదివితే లీటరుకు 3 మిల్లీగ్రాముల అల్యూమినియం వరకు ఆ పొరపాటు పెరగదు. అయితే ప్రామాణికాలను కూడా అంతే సేపు ఆగి చదవాలి. ఇంకా సందేహం ఉంటే నమూనాను సల్ఫ్యూరికామ్లంతో స్వేదనం చేసి, వచ్చిన నీటిని పరీక్షించాలి.

నమూనా విలువ 1.4 దాటితే గ్రాఫును పొడిగించి అంచనా వేయకూడదు. 20 మి.లీ. నమూనాను స్వేదన జలంతో 50 మి.లీ. చేసి మళ్లీ చదవాలి. అప్పుడు గ్రాఫులో 1.05 వస్తే, దానిని 50తో గుణించి 20తో భాగిస్తే 2.6 మిల్లీగ్రాములు అవుతుంది. నివేదికలో ఆ సంఖ్యతోపాటు పలచన ఎంత చేశారో, క్లోరిన్ తొలగించారో లేదో, రియేజెంట్ కలిపిన ఎంతసేపటికి చదివారో కూడా రాయాలి.