ఒక్క చిప్‌తో 808 గంట

పెళ్లి ఆర్కెస్ట్రాలో నేను ప్యాడ్లు వాయిస్తాను. మా ప్యాడ్‌లో కౌబెల్ (ఆవు మెడలో గంట) అని ఒక దెబ్బ ఉంది, "టంక్" మని మోగుతుంది. నిజం గంటకీ దానికీ పోలిక తక్కువే, అయినా అది పడగానే కుర్చీల్లో ఉన్నవాళ్ల కాళ్లు ఆడతాయి. దాని పుట్టిల్లు 1980లో జపాన్ కంపెనీ రోలాండ్ తెచ్చిన టీఆర్-808 డ్రమ్ మెషీన్. అందులో రికార్డు చేసి పెట్టిన శబ్దం ఒక్కటీ లేదు. మీట నొక్కిన ప్రతిసారీ సర్క్యూట్ అప్పటికప్పుడు శబ్దాన్ని పుట్టిస్తుంది. ఆ కౌబెల్‌ని ఇంట్లోనే బ్రెడ్‌బోర్డ్ (టంకం లేకుండా వైర్లు గుచ్చే పలక) మీద కట్టుకోవచ్చు. నేను కట్టిన పద్ధతి ఇది.

808లో డ్రమ్ సెట్ తాళాలైన హైహ్యాట్‌కీ సింబల్‌కీ కలిపి ఆరు ఆసిలేటర్లు, అంటే ఆగకుండా ఒకే స్వరం పుట్టించే సర్క్యూట్లు, ఉంటాయి. ఆ ఆరూ ఒకే చిప్‌లో ఉన్న ఆరు ష్మిట్ ట్రిగ్గర్ ఇన్వర్టర్లతో (లోపలికి ఎక్కువ వోల్టేజీ వస్తే తక్కువ, తక్కువ వస్తే ఎక్కువ బయటికిచ్చేవి) కట్టినవే. వాటిలో రెండిటిని కౌబెల్ వాడుకుంటుంది: ఒకటి 540 హెర్ట్జ్, రెండోది 800 హెర్ట్జ్. అదే జాతి చిప్ సీడీ40106. హైదరాబాద్‌లో ఉంటే కోఠి గుజరాతీ గల్లీలో అడగండి.

అడిగేటప్పుడు నంబర్ కాగితం మీద రాసి చూపించండి. నాకొకసారి షాపులో "రెండూ ఒకటే" అని 74హెచ్‌సీ14 చేతిలో పెట్టారు. కాళ్ల వరస నిజంగానే ఒకటే. కానీ అది 6 వోల్టుల దాకా నడిచే చిప్, 40106 అయితే 18 దాకా తట్టుకుంటుంది. ఇంటికొచ్చి 9 వోల్టుల బ్యాటరీ తగిలించాను. శబ్దం రాలేదు సరికదా, చిప్ మీద వేలు పెడితే చురుక్కుమంది.

చిప్‌తో పాటు ఇవి తీసుకోండి: 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్లు నాలుగు (మీద 104 అని ఉంటుంది), 222 అని ఉన్నది ఒకటి, ఎలక్ట్రోలిటిక్‌లలో 4.7, 10 మైక్రోఫారడ్‌లవి ఒక్కొక్కటి, బీసీ547 ట్రాన్సిస్టర్లు రెండు, 1ఎన్4148 డయోడ్లు రెండు, 47కె పాట్లు (తిప్పితే విలువ మారే రెసిస్టర్లు; కె అంటే వెయ్యి ఓమ్‌లు) రెండు, 10కె, 470కె పాట్లు ఒక్కొక్కటి, ఒక పుష్ బటన్. రెసిస్టర్లు 1కె, 4.7కె, 10కె, 47కె, 100కె, 220కె విలువల్లో తలా ఐదు తెచ్చుకుంటే మళ్లీ పరిగెత్తక్కర్లేదు.

చిప్ మీది గంటు ఎడమవైపుకి వచ్చేలా బోర్డు మధ్యలో గుచ్చండి. గంటు పక్కన కింది వరసలో మొదటి కాలు 1, పై వరసలో దానికి ఎదురుగా ఉన్నది 14. 14కి 9 వోల్టుల బ్యాటరీ ప్లస్, 7కి మైనస్. ఆ రెండిటి మధ్య ఒక 104 తప్పకుండా పెట్టండి, లేకపోతే ఒక ఆసిలేటర్ గోల ఇంకోదాంట్లోకి దూరుతుంది. పొడుగు బ్రెడ్‌బోర్డుల్లో కొన్నిటికి కరెంటు పట్టీ నడుమన తెగి ఉంటుంది. అది ముందే చూసుకుని చిన్న వైరుతో కలపండి.

ఇప్పుడు మొదటి ఆసిలేటర్. 1వ కాలు నుంచి మైనస్‌కి ఒక 104. 2వ కాలు నుంచి 1వ కాలుకి 10కె రెసిస్టర్, దాని వెనకే 47కె పాట్. అంతే. కుండ నిండుతూ ఖాళీ అవుతూ ఉన్నట్టు ఊహించుకోండి. కెపాసిటర్ కొంత మట్టం దాకా నిండగానే ఇన్వర్టర్ తిరగబడి దాన్ని ఖాళీ చేస్తుంది, మట్టం కిందికి దిగగానే మళ్లీ నింపుతుంది. పాట్ తిప్పితే కుళాయి సన్నగానో లావుగానో అవుతుంది, స్వరం మారుతుంది. 540 రావాలంటే మొత్తం 23కె దగ్గర ఉంటుంది, 800కి 15కె. ఒక చిప్‌కీ ఇంకో చిప్‌కీ మట్టాల్లో తేడా ఉంటుంది కాబట్టి లెక్కను నమ్మి పాట్ మానేయకండి.

ఇలాగే 3, 4 కాళ్ల మధ్య రెండోది కట్టండి. వినడానికి 2వ కాలు నుంచి 100కె, అక్కడినుంచి 10కె పాట్ ద్వారా మైనస్‌కి. పాట్ నడిమి కాలు నుంచి కంప్యూటర్ స్పీకర్‌కి. మైనస్‌ని స్పీకర్ వైరు గ్రౌండ్‌కి కలపడం మరవకండి. మొదటిసారి హెడ్‌ఫోన్ పెట్టుకుని వినకండి, చెవికి మంచిది కాదు. ఫోన్‌లో ట్యూనర్ యాప్ పెట్టి 540 సరిచూసుకోండి, అదే 100కెని 4వ కాలుకి మార్చి 800 సరిచూసుకోండి, తర్వాత ఆ 100కెని తీసేయండి.

ఇంతవరకూ వచ్చేది ఆగని కూత. దాన్ని దెబ్బగా మార్చేది 4.7 మైక్రోఫారడ్ కెపాసిటర్. దాని మైనస్ కాలు గ్రౌండ్‌కి, అంటే బ్యాటరీ మైనస్‌కి. ప్లస్ కాలుకి బ్యాటరీ ప్లస్ నుంచి బటన్, 1కె ద్వారా కరెంటు. అదే ప్లస్ కాలు నుంచి రెండు 47కె రెసిస్టర్లు, ఒక్కోటి ఒక్కో ట్రాన్సిస్టర్ కలెక్టర్‌కి. ఎమిటర్లు గ్రౌండ్‌కి. 2వ కాలు నుంచి 220కె ద్వారా ఒక బేస్‌కి, 4వ కాలు నుంచి అలాగే రెండో బేస్‌కి. బీసీ547 చదును ముఖం మీ వైపు, కాళ్లు కిందికి ఉంటే ఎడమ నుంచి కలెక్టర్, బేస్, ఎమిటర్. రెండు కలెక్టర్ల నుంచి చెరొక 100కె వచ్చి ఒకచోట కలవాలి, అక్కడి నుంచి 222 గుండా ఇందాకటి 10కె పాట్‌కి. మందమైన కింది శబ్దాన్ని ఆ 222 వడకట్టేస్తుంది. దాని బదులు 104 పెట్టి చూడండి, గంట కాస్తా బూరలా మారిపోతుంది.

బటన్ టక్కున నొక్కి వదలండి. టంక్!

మా నాన్న భజనల్లో హార్మోనియం వాయిస్తారు. ఆ రాత్రి పక్క గదిలోంచే, "ఒరే, పంచమం దిగిందిరా, సరిచెయ్యి" అన్నారు. లెక్క కట్టి చూశాను. 540ని షడ్జమం అనుకుంటే పంచమం 810 కావాలి, 808లో ఉన్నది 800. ఆయన చెవి పట్టుకున్నది ఆ పది హెర్ట్జ్‌లనే. నాన్న మాట ప్రకారం 810కి తెచ్చాను. రెండు స్వరాలూ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి శ్రుతిపెట్టెలా హాయిగా మోగింది, లోహం మాత్రం మాయమైంది. మళ్లీ 800కి దింపగానే ఇత్తడి తిరిగొచ్చింది. ఈసారి నాన్న లేచి వచ్చి పాట్‌ని తనే అటూ ఇటూ చాలాసేపు తిప్పుతూ కూర్చున్నారు. మీరూ తిప్పండి. ఈ కట్టుబడిలో మీ చేతికి దొరికే అసలు పని అదే.

తనంతట తనే మోగాలంటే మూడో ఇన్వర్టర్‌ని వాడండి. 5వ కాలు నుంచి గ్రౌండ్‌కి 10 మైక్రోఫారడ్, 6 నుంచి 5కి 10కె, 470కె పాట్. వాటికి సమాంతరంగా 4.7కె, డయోడ్, డయోడ్ గీత 5వ కాలు వైపు ఉండాలి. నింపడం చప్పున, ఖాళీ చేయడం నెమ్మదిగా జరుగుతుంది కాబట్టి పొట్టి దెబ్బలు పడతాయి. 6ని 9కి, 8ని 11కి కలిపి, 10 నుంచి రెండో డయోడ్ ద్వారా 4.7 మైక్రోఫారడ్ ప్లస్‌కి ఇవ్వండి, గీత కెపాసిటర్ వైపు. మిగిలిన 13ని గ్రౌండ్ చేయండి. గాలిలో వదిలేస్తే ఈ రకం చిప్‌లు ఊరికే కరెంటు తింటాయి.

హైహ్యాట్ కూడా కావాలంటే ఇంకో చిప్ పడుతుంది. మిగతా నాలుగు ఆసిలేటర్లూ దాదాపు 205, 304, 370, 523 హెర్ట్జ్ దగ్గర ఉంటాయి. 205కి 47కె పాట్ చాలదు, 100కె తెచ్చుకోండి. ఆరూ ఒకేసారి మోగినప్పుడు ఏ శ్రుతీ నిలవదు, భజన తాళాల అంచులు రాసుకున్నట్టు ఉంటుంది. నాది ఇప్పుడు నాలుగో ఆసిలేటర్ దాకా వచ్చింది.