సైన్యంలో మీ మీద చార్జ్ పెడితే ఏం చేయాలి

“ఒప్పేసుకో, చిన్న శిక్షతో పోతుంది” అని మొదటి రోజే ఎవరో ఒకరు చెప్తారు. మంచి మనసుతోనే చెప్తారు. కానీ దానికి తల ఊపే ముందు మీకు ఏ హక్కులున్నాయో తెలుసుకోండి. భారత సైన్యంలో ఉన్న జవాన్ల కోసం, ఇంటి దగ్గర టెన్షన్ పడుతున్న వాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఆధారం 1950 ఆర్మీ చట్టం, 1954 ఆర్మీ రూల్స్. నేవీ, ఎయిర్‌ఫోర్స్‌లకు వేరే చట్టాలున్నాయి.

కస్టడీలోకి తీసుకుంటే ఆ తేదీ, టైము గుర్తుపెట్టుకోండి, వీలైతే రాసుకోండి. 48 గంటలు దాటి ఉంచితే ఎందుకు ఉంచారో సీఓ (మీ యూనిట్ కమాండింగ్ ఆఫీసర్) తన పై అధికారికి రిపోర్ట్ చేయాలి. కోర్ట్ మార్షల్ (సైనిక కోర్టు) వేయకుండా 8 రోజులు దాటితే ఆలస్యానికి కారణం చెప్తూ మళ్లీ రిపోర్ట్ వెళ్లాలి.

తర్వాత మిమ్మల్ని సీఓ ముందు నిలబెడతారు. ఇది రూల్ 22 కింద జరిగే హియరింగ్. చాలామంది దీన్ని “యస్ సర్” అని బయటికొచ్చే తంతులా చూస్తారు, నా దృష్టిలో అన్నిటికంటే పెద్ద పొరపాటు అదే. సాక్షులు మీ ఎదుటే చెప్పాలి, వాళ్లని మీరు ప్రశ్నించవచ్చు, మీ తరఫు సాక్షుల్ని పిలిపించమని అడగవచ్చు, అంతా విన్నాక నేరం కనిపించకపోతే సీఓ చార్జ్‌ని అక్కడే కొట్టేయాలి. కాబట్టి ముందు రోజు రాత్రే నాలుగైదు ప్రశ్నలు సిద్ధం చేసుకోండి: ఆ టైములో ఎవరు ఎక్కడున్నారు, ఎవరు కళ్లారా చూశారు, డ్యూటీ రిజిస్టర్‌లో ఏముంది. చిన్న కేసైతే సీఓ తనే శిక్ష వేసి ముగించవచ్చు, జవాన్‌కి 28 రోజుల దాకా సైనిక కస్టడీలో జైలు.

పెద్దదైతే సాక్ష్యాలన్నీ కాగితం మీద పెట్టిస్తారు. దాన్ని సమ్మరీ ఆఫ్ ఎవిడెన్స్ అంటారు. ఇక్కడ మీరు నోరు విప్పాల్సిన బలవంతం లేదు, ఆ మాట వాళ్లే మీకు చెప్పాలి, ఎందుకంటే మీరు చెప్పింది రాసుకుని కోర్టులో వాడవచ్చు. సాక్షుల్ని ప్రశ్నించే అవకాశం మాత్రం వదులుకోకండి.

ఏ కోర్టు అనేది తర్వాతి సంగతి. జనరల్ కోర్ట్ మార్షల్‌లో కనీసం ఐదుగురు ఆఫీసర్లు కూర్చుంటారు. డిస్ట్రిక్ట్ కోర్ట్ మార్షల్‌లో కనీసం ముగ్గురు, జైలు రెండేళ్లు దాటదు. ఈ రెండిట్లో మీ తరఫున వాదించే డిఫెండింగ్ ఆఫీసర్ ఉంటాడు, లాయర్‌ని పెట్టుకోవచ్చు, బెంచ్ మీద ఎవరి మీదైనా అనుమానముంటే మొదట్లోనే అభ్యంతరం చెప్పవచ్చు.

జవాన్లని ఎక్కువ భయపెట్టేది సమ్మరీ కోర్ట్ మార్షల్. ఇక్కడ సీఓ ఒక్కడే కోర్టు. మరో ఇద్దరు కూర్చుంటారు కానీ తీర్పులో వాళ్లకి భాగం లేదు. లెఫ్టినెంట్ కల్నల్ లేదా ఆపై ర్యాంక్ సీఓ ఏడాది జైలు వేయవచ్చు, ఉద్యోగం నుంచి డిస్మిస్ చేయవచ్చు. మీ పక్కన ఒక ఫ్రెండ్ ఉండొచ్చు, అతను లాయర్ కూడా కావచ్చు, అయితే సలహా ఇవ్వడమే తప్ప సాక్షుల్ని ప్రశ్నించలేడు. అందుకే ప్రశ్నలన్నీ ముందే రాసుకుని వెళ్లండి. మీరు ఫిర్యాదు చేసిన ఆఫీసరే జడ్జిగా కూర్చుంటే వెంటనే రాతపూర్వకంగా అభ్యంతరం పెట్టండి. 1987లో రంజిత్ ఠాకూర్ కేసులో సరిగ్గా ఇదే జరిగింది, భోజనం చేయమన్న ఆర్డర్‌ని కాదన్నందుకు ఏడాది జైలు, డిస్మిసల్ వేస్తే సుప్రీంకోర్టు మొత్తం కొట్టేసింది. సమ్మరీ కోర్టు రోజువారీ పద్ధతి కాదని, వెంటనే చర్య ఎందుకు అవసరమైందో కారణం రాయాలని 2016లో సుప్రీంకోర్టే చెప్పింది.

ఇక నేరం ఒప్పుకోవడం. నిజంగా తప్పు చేసి ఒప్పుకుంటే అది మీ ఇష్టం. కానీ భయంతోనో, ఎవరో మాటిచ్చారనో ఒప్పుకోకండి, ఒప్పుకున్నాక మీ మీద సాక్ష్యం చెప్పినవాళ్లని కోర్టులో ప్రశ్నించే అవకాశం దాదాపు పోయినట్టే. ఒప్పుకుంటే ఏమవుతుందో కోర్టు మీకు వివరించాలి. అర్థం కాకపోతే అర్థం కాలేదని గట్టిగా చెప్పండి, అర్థం చేసుకోకుండా ఒప్పుకున్నారని కోర్టుకి తోస్తే ఆ ప్లీని (మీ జవాబుని) మార్చి “నేరం ఒప్పుకోలేదు” అని రాయాల్సిందే.

తీర్పు వచ్చాక వెంటనే ప్రొసీడింగ్స్ (విచారణ రికార్డు) కాపీ అడగండి. జనరల్, డిస్ట్రిక్ట్ కోర్టుల తీర్పు పై అధికారి కన్ఫర్మ్ చేసేదాకా చెల్లదు, ఆ మధ్యలోనే ఆర్మీ చట్టం సెక్షన్ 164 కింద పిటిషన్ వేయాలి. కన్ఫర్మ్ అయ్యాక ఇంకొకటి వేయవచ్చు. సమ్మరీ తీర్పుకి కన్ఫర్మేషన్ సాధారణంగా అక్కర్లేదు, వెంటనే అమలవుతుంది.

ఆ తర్వాతి మెట్టు సైనికుల కేసులు వినే ఆర్మ్‌డ్ ఫోర్సెస్ ట్రిబ్యునల్. 2007 చట్టంతో వచ్చి 2009లో మొదలైంది. సమ్మరీ కోర్టు కేసైతే డిస్మిసల్ గానీ మూడు నెలలకు మించిన జైలు గానీ పడి ఉంటే అక్కడికి వెళ్లవచ్చు. ఇంట్లో వాళ్లు లాయర్ దగ్గరికి వెళ్లేటప్పుడు చార్జ్ షీట్, సమ్మరీ ఆఫ్ ఎవిడెన్స్, పిటిషన్లు, వాటికొచ్చిన జవాబులు తేదీల వరుసలో పెట్టి, అసలు కాగితాలు ఇంట్లోనే ఉంచి, కాపీలు మాత్రమే తీసుకెళ్లండి.